తొమ్మిదో స్పీకర్

నిచ్చెన మీదున్న మనిషిని కాల్చడం చాలా తేలిక. రెండు చేతులూ సీలింగులో ఉంటాయి, చూపు పైకి ఉంటుంది, పారిపోదామన్నా ముందు మెట్లు దిగాలి.

వీడియో మొత్తం ఆరు సెకన్లు. కళ్ళజోడులో దాచిన కెమెరా పంపిన చివరి దృశ్యం అది. జిప్సం సీలింగులో గుండ్రటి కన్నం, అందులోకి దూరిన రెండు చేతులు, ఎరుపు నలుపు వైర్లు, ఎక్కడో వయొలిన్లు. ఆ వయొలిన్ల హోరు ఉన్నట్టుండి పెరిగింది. ధన్‌మన్న చప్పుడుతో తెర గిర్రున తిరిగింది. పాలరాతి నేల, దాని మీద పాకుతున్న నెత్తురు, ఆ నెత్తురు అంటకుండా జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చిన ఎర్ర హైహీల్స్ జత కనిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

చీఫ్ ప్రొజెక్టర్ ఆపాడు. "మీ బావమరిది" అన్నాడు.

"తెలుసండీ. డిపార్ట్‌మెంటులో చేర్పించింది నేనే" అన్నాడు పదిహేడు.

గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని నంబరుతోనే పిలుస్తారు. ఇంట్లో అయితే ఆ మాత్రం పిలుపు కూడా లేక పదకొండు రోజులైంది. తమ్ముడు ఆఫీసు పని మీద ఊరెళ్ళాడంటే భార్య నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఊరెళ్ళినవాడు రోజూ అక్కకి ఫోన్ చేస్తాడు. ఈ ఉదయం గుమ్మం దాటుతుంటే మాత్రం అడ్డొచ్చి ఒక్క మాటంది. "తీసుకెళ్ళింది మీరు. తీసుకురావాల్సిందీ మీరే." ఆ కళ్ళు చూడలేక పదిహేడు బూట్ల లేసులు రెండుసార్లు కట్టుకున్నాడు.

"బతికే ఉన్నాడు. తుపాకి దెబ్బ తొడకి తగిలింది" అన్నాడు చీఫ్.

పదిహేడు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది.

"సంతోషపడకు, పూర్తిగా విను. ఆ బంగళా శ్రోతది. పేరు మనకి తెలీదు, సంగీతం పిచ్చోడు కాబట్టి అలా పిలుస్తున్నాం. విదేశీ గూఢచారుల రింగుకి ఇక్కడి పెద్ద వాడే. మన ఏజెంట్లు నలభై ఇద్దరి పేర్లు, ఇళ్ళ చిరునామాలు మీ బావమరిదికి కంఠతా వచ్చు. శ్రోత ఆ పేర్లు కక్కించబోతే కుదర్లేదు. మనిషినే అమ్మేస్తున్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండింటికి వేలం. ఎనిమిది దేశాల వాళ్ళు వస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూడరు, ఒక్కొక్కరికి ఒక్కో గది. వేలంపాట నడిచేది సీలింగు స్పీకర్లలోంచి."

"అందుకా ప్రతి గదిలో ఆడియో?"

"అందుకే. సగం పనిలో పనివాణ్ణి కాల్చుకున్నాడు. ఇప్పుడింకొకడు కావాలి. మేడమ్ నిన్ను సిఫారసు చేసింది. ఆమె అక్కడా పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది."

"ఆ ఎర్ర హీల్స్ ఎవరివండీ?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఆమెవే."

చీఫ్ కిటికీ వైపు తిరిగి మిగతాది చెప్పాడు. మొహం చూసి చెప్పగలిగే మాట కాదది.

"బయటికి తేగలిగితే తీసుకురా. తేలేకపోతే అతను అమ్ముడుపోకూడదు. నలభై రెండు కుటుంబాలు. అర్థమైందిగా?"

అర్థం కాకపోవడానికి అతను చిన్నపిల్లాడా?

*

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆడియో షాపు వ్యాన్ బంగళా ముందు ఆగింది. పదిహేడు ఒంటి మీద నీలం ఓవరాల్స్, చెవి వెనక పెన్సిలు, నడుముకి టేపు. కేబుల్ డ్రమ్ము బోలు గొట్టంలో మూడు తూటాల చిన్న పిస్తోలు. చేతిలో కేబుల్ టెస్టర్. చూడ్డానికి మామూలుదే గానీ, స్పీకర్ వైరుకి తగిలిస్తే ఆ స్పీకరే మైకైపోతుంది, ఆ గదిలో మాట చెవిలోని ఇయర్‌పీస్‌కి వస్తుంది. మీట నొక్కితే మన మాట అటు వెళ్తుంది.

గేటు దాటాక ఒక గుండువాడు తడిమి తడిమి వెతికాడు. వాడి అరచెయ్యి విస్తరాకంత ఉంది.

హాల్లో మేడమ్ సోఫాలో వాలి పత్రిక తిరగేస్తోంది. ముదురాకుపచ్చ పట్టు గౌను, మెడలో ఒంటిపేట ముత్యాలు, కాళ్ళకి అవే హీల్స్. ఒక్కసారి చూస్తే ఇంకోసారి చూడాలనిపించే మనిషి. పదిహేడుకి మాత్రం ఆ గొంతు పిసికెయ్యాలనిపించింది.

"హాల్లో బేస్ తక్కువవుతుందా?" అడిగిందామె. సంకేతం.

"గోడకి దగ్గర పెడితే ఎక్కువవుతుందండీ" అన్నాడు. జవాబు.

ఆమె పేజీ తిప్పింది.

ఎనిమిది గదులు, గదికి రెండు స్పీకర్లు. పడకగదికి మాత్రం ఆరు. శ్రోత అక్కడ సంగీతంలో మునిగి పడుకుంటాడట. పదిహేడు ప్రతి గదిలో కాగితపు అచ్చు అతికించి, పెన్సిలుతో గీసి, చేతిరంపంతో జిప్సం కోశాడు. వైరు లాగాడు, ఎరుపు ప్లస్సుకి, నలుపు మైనస్సుకి బిగించాడు. ఒక్కటి తారుమారైనా రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి తినేసి పాట పీలగా వస్తుంది. కోసిన ప్రతి కన్నం కింద వాక్యూమ్ పెట్టి పొడి లాగేశాడు, ముక్కలు సంచిలో వేసుకున్నాడు, తుడిచాడు, తర్వాతి గదికి వెళ్ళాడు.

మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఇల్లంతా వయొలిన్లు హోరెత్తాయి. నడవాలో తలుపులు ధడాలు ధడాలున మూసుకున్నాయి. గుండువాడు పదిహేడుని మెడపట్టి వంటగదిలోకి లాగి, తనూ లోపలికొచ్చి గడియ పెట్టాడు.

"ఏంటన్నా ఇది?"

"పాట పెరిగిందంటే అయ్యగారు పనిలో ఉన్నారని. ఏ గదిలో ఉన్నోడు ఆ గదిలోనే ఉండాలి. తలుపు తియ్యకూడదు. లోపల్నుంచి ఎవడు కేకేసినా సరే."

"తీస్తే?"

"పోయిన నెల ఒకడు తీశాడు."

"ఏమయ్యాడు?"

"వాడి డ్యూటీ కూడా నేనే చేస్తున్నా" అన్నాడు గుండువాడు విసుగ్గా.

సరిగ్గా పదకొండు నిమిషాలకి పాట ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులు చుట్టిన తివాచీ ఒకటి మోసుకుంటూ పెరటివైపు వెళ్ళారు. తివాచీ చివర ఒక బూటు కనిపించింది. ఎవరూ దానివైపు చూడలేదు, పదిహేడు కూడా.

*

శనివారం పది గంటలకి మెట్ల కింది అరలో ఆంప్లిఫయర్ల రాక్ ముందు కూర్చున్నాడు. వెనకాల కేబుళ్ళు లెక్కపెట్టాడు. హాలు వైరు ఇంకా కలపనేలేదు. గదులు ఎనిమిది, కేబుళ్ళు తొమ్మిది. తొమ్మిదోదానికి నల్ల టేపు చుట్టి ఉంది. "దాన్ని ముట్టుకోకు" అని నిన్ననే హెచ్చరించారు. ముట్టుకోకు అన్నదాన్ని ముట్టుకోవడానికే కదా డిపార్ట్‌మెంటు జీతమిచ్చేది.

టేపు ఊడదీసి టెస్టర్ తగిలించాడు. ఇయర్‌పీస్‌లో గర్రుమని మోటారు చప్పుడు, దాని వెనక ఎవరో మూలుగుతున్న శబ్దం. మూలుగు ఆగి తిట్టయింది. తిట్టులో అమ్మమ్మ పేరొచ్చింది. ఆ అమ్మమ్మ పేరు పెట్టి తిట్టేవాడు ఈ భూమ్మీద ఒక్కడే.

పదిహేడు అటూ ఇటూ చూశాడు. మీట నొక్కాడు. "ఏరా."

తిట్టు ఆగిపోయింది. పొడిగొంతు పలికింది. "బావా? సీలింగులోంచి మాట్లాడుతున్నావేంటి?"

"నోర్ముయ్. ఎక్కడున్నావు?"

"ఈత కొలను పంపు రూమ్. వంటగది పక్కనుంచి మెట్లు. కాపలా ఒకడే. కాలు పాడైంది, నడవలేను. మూడు వేళ్ళు విరిచారు. పేర్లు మాత్రం చెప్పలేదు బావా, ఒక్కటి కూడా చెప్పలేదు. అక్కెలా ఉంది?"

"నాతో మాట్లాడటం లేదు."

"హమ్మయ్య. బాగానే ఉందన్నమాట."

పదిహేడుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని టేపు మళ్ళీ చుట్టాడు.

*

పదకొండుంపావుకి హాల్లో చివరి స్పీకర్ దగ్గర ఉండగా శ్రోత వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఫోను. వెనకే గుండువాడు, వాడి చేతిలో పదిహేడు పిస్తోలు. కేబుల్ డ్రమ్ము విప్పేశారన్నమాట. మేడమ్ సోఫాలో అదే చోట కూర్చుంది.

"గుండూ, నువ్వు కిందికెళ్ళు. సరుకు దగ్గరుండు" అన్నాడు శ్రోత పిస్తోలు అందుకుంటూ. వాడు వెళ్ళాక పదిహేడు వైపు తిరిగాడు. "నిన్న నా పడకగదిలో ఆరు కన్నాలు కోశావు. రాత్రి పడుకుంటే దిండు మీద చిటికెడు పొడి లేదు."

"వాక్యూమ్ పెట్టానండీ."

"అదే చెప్తున్నా. సిమెంటు పనివాడు సిమెంటు వదిలిపోయాడు, రంగులవాడు రంగు వదిలిపోయాడు. నా జన్మలో తన చెత్త తను ఊడ్చుకుపోయిన పనివాడు ఒక్కడూ లేడు. మొన్న ఒకడు ఊడ్చాడు. ఇప్పుడు నువ్వు."

ఆనవాలు మిగల్చకూడదన్నది డిపార్ట్‌మెంటు ట్రైనింగులో మొదటి పాఠం. ఆ పాఠం నూటికి నూరు మార్కులతో పాసైనవాళ్ళే బావా బావమరుదులిద్దరూ. ఇంకాస్త బద్ధకస్తులైతే బతికిపోయేవాళ్ళు.

"నిచ్చెనెక్కు. ఆ స్పీకర్ బిగించు. సగం పని నాకు గిట్టదు. మొన్న తొందరపడి ఈ తిప్పలు తెచ్చుకున్నాను" అన్నాడు శ్రోత. ఫోను మీద వేలు పైకి జరిపాడు.

వయొలిన్లు ఎగిశాయి. ఎనిమిది గదుల్లో, నడవాల్లో, కింద పంపు రూములో. పదిహేడు బిగించిన స్పీకర్లన్నీ ఒకే క్షణంలో, ఒక్క తేడా లేకుండా మోగాయి. పని మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. నడవా పొడుగునా తలుపులు మూసుకున్నాయి.

పదిహేడు నిచ్చెనెక్కాడు. స్పీకర్ని రెండు చేతులతో సీలింగులోకి ఎత్తాడు. నాలుగు కిలోల ఇనుమూ అయస్కాంతమూ. మరొక్క క్షణం ఆగుంటే పిస్తోలు పేలేదే. అతను ఆగలేదు. స్పీకర్ని బలమంతా పెట్టి కిందికి విసిరాడు, తనూ దాని వెనకే దూకాడు.

అయస్కాంతం శ్రోత మొహం మధ్యలో తగిలి ముక్కెముక పటుక్కుమంది. పిస్తోలు పేలింది. తూటా పదిహేడు పక్కటెముకల మీద చర్మాన్ని చీల్చుకుంటూ పోయి షాండిలియర్‌ని పగలగొట్టింది. ఇద్దరూ గాజుపెంకుల మీద దొర్లారు. సన్నటి మనిషే గానీ పాములా మెలికలు తిరిగాడు. పదిహేడు బొటనవేలు నోట కరుచుకుని ఎముక దాకా కొరికాడు. పదిహేడు రెండో చేత్తో అతని తలని పాలరాతికేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. పిస్తోలు జారి సోఫా కిందికి పోయింది.

"గుండూ! రండిరా! ఎవడ్రా అక్కడ!" నెత్తురు ఉమ్ముతూ గావుకేక పెట్టాడు శ్రోత.

నడవా గదుల్లో అయిదుగురు ఉన్నారు. అయిదుగురికీ ఆ కేక లీలగా వినపడే ఉంటుంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ కట్టడి పెట్టింది అతనే, పోయిన నెల దాన్ని తప్పినవాణ్ణి చంపిందీ అతనే.

పదిహేడు సీలింగులోంచి వేలాడుతున్న స్పీకర్ వైరు లాగి అతని మెడకి రెండు చుట్లు చుట్టాడు. మోకాలు వీపు మీద ఆనించి బిగించాడు. పాలరాతి మీద మడమలు టపటపా కొట్టుకున్నాయి. బావమరిది విరిగిన వేళ్ళు మూడూ గుర్తొచ్చాయి. మడమలు ఆగాక కూడా చాలాసేపు వైరు వదల్లేదు.

మేడమ్ కాళ్ళు పైకి తీసుకుని చూస్తోంది.

"మీరెవరి వైపు?" రొప్పుతూ అడిగాడు.

"గెలిచేవాళ్ళ వైపు. ఇంకా తేలలేదు."

"మావాణ్ణి కాల్చింది మీరేగా?"

"ఈయన తలకి గురిపెట్టాడు. నేను ముందు తొడలో కాల్చాను. లేకపోతే మీరు ఎవరికోసం వచ్చుండేవారు?"

నమ్మాలా? ఆ మొహం చూసి ఏమీ తెలుసుకోలేం. కింద కాంక్రీటు గోడలు, ఫోనుకి సిగ్నల్ ఉండదు. పాట అయిపోతే అయిదు తలుపులు తెరుచుకుంటాయి. ఫోను ఎవరో ఒకరి చేతిలో ఉండాలి, ఉన్నది ఆమె ఒక్కతే. పదిహేడు నెత్తుటి చేత్తో ఫోను ఆమె ఒళ్ళో పడేశాడు.

"ఆగిపోతే మళ్ళీ వెయ్యండి" అన్నాడు. పిస్తోలు తీసుకుని పరిగెత్తాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. పాటలో ఇంక ఆరు నిమిషాలున్నాయి.

*

పంపు రూము తలుపు తన్నేసరికి గుండువాడు నోరు తెరిచాడు. పాట మోగుతుండగా తలుపు తెరుచుకోవడం వాడి బుర్రకి ఎక్కలేదు. ఆ ఒక్క క్షణమే దక్కింది. పిస్తోలు ఎత్తేలోపు వాడి అరచెయ్యి పిస్తోలునీ చేతినీ కలిపి గోడకి నొక్కేసింది. రెండో చెయ్యి పదిహేడు గొంతు పట్టింది. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి.

కుర్చీకి కట్టేసి ఉన్న బావమరిది కుర్చీతో సహా ముందుకి పడ్డాడు, గుండువాడి మోకాళ్ళ వెనక. వాడు తూలాడు. పదిహేడు జేబులోంచి జిప్సం రంపం లాగి వాడి మెడ పక్కన దిగేశాడు. దిగిన రంపాన్ని వాడే పీక్కున్నాడు. అది వాడు చేసిన ఆఖరి తప్పు. గోడ మీద, పంపు మీద, ముగ్గురి మీదా నెత్తురు చిమ్మింది. మెల్లగా కూర్చుండిపోయాడు.

కట్లు కోసేసరికి బావమరిది పిట్టంత అయిపోయి ఉన్నాడు. తొడ చీము పట్టి కాలిపోతోంది. పదిహేడు అతన్ని భుజానేసుకుని మెట్లెక్కాడు. ఒక్కో మెట్టుకీ పక్కటెముకల్లోంచి ప్రాణం జారిపోతున్నట్టుంది. వంటగది పక్కన నడవా. ఇటూ అటూ అయిదు మూసిన తలుపులు. ఆ చివర పెరటి తలుపు, దాని అవతల ఈ ఉదయం తను నిలిపిన వ్యాన్. ఇరవై అడుగులు.

ఎనిమిది అడుగులు వేశాక పాట ఆగింది.

ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఎడమవైపు గడియ కదిలింది. కుడివైపు ఇంకొకటి. పిస్తోలులో ఉన్న తూటాలు రెండు, తలుపులు అయిదు.

బావమరిది జారి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "బావా, చీఫ్ ఏమన్నాడో నాకు తెలుసు. ఎవరికైనా అదే చెప్తాడు. కానియ్యి."

"నోర్ముయ్‌రా."

"నలభై రెండు ఇళ్ళు బావా. పిల్లలున్నారు. ఇంకో పదమూడు రోజులు నా వల్ల కాదు."

పదిహేడు పిస్తోలు గొట్టం అతని నుదుటికి ఆనించాడు. రెండో చెయ్యి సాయం పట్టాడు. తన పెళ్ళిలో వీడికి పదేళ్ళు, తన బూట్లు దాచి ఏడిపించాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్ళు గుర్తొచ్చాయి. ఏడుస్తున్నానని తెలుస్తోంది, ఆపుకోవాలనిపించలేదు. ఎడమవైపు తలుపు వెడల్పు తెరుచుకుని ఒక బూటు బయటికొచ్చింది. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

వయొలిన్లు భళ్ళున విరుచుకుపడ్డాయి.

బూటు లోపలికి వెళ్ళిపోయింది. తలుపులు ఒకటి, రెండు, మూడు, అన్నీ ధడాలున మూసుకున్నాయి. గడియలు పడ్డాయి. పదిహేడు ట్రిగ్గర్ మీంచి వేలు తీయడానికి రెండో చేత్తో ఒలవాల్సి వచ్చింది.

*

వ్యాన్ డ్రైవర్ సీటులో మేడమ్ కూర్చుని ఉంది. హీల్స్ విప్పి పక్కన పెట్టుకుంది.

"ఆగాక ఆలోచించాల్సి వచ్చింది. తేలిపోయిందిలే. రిపీట్‌లో పెట్టాను. రిపోర్టులో నా పేరు మొదట రాయండి" అంది, వెనక్కి తిరక్కుండా.

బావా బావమరుదులు జిప్సం పలకల కింద పడుకున్నారు. గేటు దగ్గర, ఎదురుగా ఒకదాని వెనక ఒకటి నల్ల కార్లు లోపలికి వస్తున్నాయి. "పని అయిపోయిందామ్మా?" అడిగాడు గేటువాడు. "వినపడటం లేదూ?" అంది మేడమ్. వాడు నవ్వి అడ్డుకర్ర ఎత్తాడు.

పన్నెండున్నరకి డిపార్ట్‌మెంటు లారీలు బంగళాని చుట్టుముట్టాయి. కొనడానికి వచ్చిన ఎనిమిదిమందీ, గేటువాడు పక్కగుమ్మం నుంచి తీసుకెళ్ళి కూర్చోబెట్టిన ఎనిమిది గదుల్లో ఒంటరిగా కూర్చుని సీలింగు వంక చూస్తూ వేలం కోసం ఎదురుచూస్తున్నారు. కాపలావాళ్ళు అయిదుగురిలో ఒక్కడు కూడా తలుపు తియ్యలేదు. గడియలు పగలగొట్టి బయటికి లాగాల్సి వచ్చింది.

ఆస్పత్రి గదిలో సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది. కాలు దక్కుతుందన్నారు డాక్టర్లు. భార్య తమ్ముడి తల నిమురుతూ కూర్చుని ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. లేచి భర్త దగ్గరికొచ్చి, కట్టుకట్టిన పక్కటెముకల మీద చెయ్యివేసి, "మాటన్నాను, ఏమీ అనుకోకండి" అంది. పదిహేడు ఆమె మొహం చూడలేకపోయాడు. ఆమె మందులు తేవడానికి బయటికి వెళ్ళింది.

బావమరిది నుదుటి మీద గొట్టం ఆనిన చోట గుండ్రటి ఎర్ర మచ్చ ఇంకా ఉంది.

"కాల్చేసేవాడివే కదా" అన్నాడు.

"ఊఁ" అన్నాడు పదిహేడు.

"నేనైనా అంతే బావా." విరగని రెండు వేళ్ళతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "అక్కకి చెప్పను. కాకపోతే ఒక్క సంగతి ముందే చెప్తున్నా. పదమూడు రోజులు వేళ్ళు విరిచినా ఒక్క పేరు బయటపెట్టలేదు నేను. అక్క అడిగిందనుకో, పది నిమిషాలు కూడా ఆగలేను."

నడవాలో భార్య చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. పదిహేడు దుప్పటి కాస్త పైకి లాగి, బావమరిది నుదురు కప్పేశాడు.